జరిమానా ఖజానాకు, నష్టము రోగికి

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి గురియైనప్పుడు ఓపీ చీట్లు సైతము కొన్నాళ్లు చేతివ్రాతతోనే సాగినవి. అట్టి దాడిలో గోప్యత కోల్పోయిన రోగికి దిక్కేదని చూచినచో, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, భద్రత పాటింపని ఆస్పత్రికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింప వీలు కల్పించినను, ఆ సొమ్ము కేంద్ర ఖజానాకే గాని రోగికి దక్కదు. పైగా, పరిహారమునకు ఆధారమైన ఐటీ చట్టపు 43ఏ సెక్షనును తొలగింప నిర్దేశించిన ఈ శాసనమే, పసలేని ఫిర్యాదు చేసిన రోగికి పదివేల వరకు వడ్డించుట మాత్రము మరువలేదు! ఉన్నంతలో సుగమమైన దారి, రుసుము గైకొన్న ఆస్పత్రిపై వినియోగదారుల కమిషను నాశ్రయించుట; నమ్మి చెప్పిన సమాచారమును అన్యులకు వెల్లడించుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున అనుచిత వ్యాపార పద్ధతి. దొంగ ఎత్తుకుపోయినదానిని వెల్లడి యనరాదని వకీలు వాదింపవచ్చును. అయినను బిల్లులు పారవేయకుడు.