డబ్బా మీద పేరు రాశారా?

పండగ రోజుల్లో మిఠాయి దుకాణాల్లో అరకిలో డబ్బాలు ముందే కట్టి ఉంచుతారు. వాటి మీద 'అరకిలో' అని మాత్రమే రాస్తే? చక్కెర లేని సున్నుండలు అడిగిన పెద్దాయనకు మామూలువే వెళ్లిపోతాయి! పైథాన్‌లో క్యాష్‌ ఉన్న క్లాసు నుంచి సబ్‌క్లాస్‌ తీసినప్పుడు జరిగే పొరపాటూ ఇలాంటిదే.

పైథాన్‌లో ఆబ్జెక్ట్‌ను తయారుచేసేది 'న్యూ' మెథడ్‌. తొలి విలువలు నింపేది 'ఇనిట్‌'. ఒకసారి తయారైన ఆబ్జెక్ట్‌ను డిక్షనరీలో దాచి, మళ్లీ అడిగితే అదే ఇచ్చేలా 'న్యూ'ను రాసుకోవచ్చు. సమయం, మెమరీ రెండూ ఆదా.

'ఖాతా' అనే క్లాసును ఇలాగే రాశారనుకోండి. డిక్షనరీలో కీ... ఖాతా నంబరు ఒక్కటే. తర్వాత దాన్నుంచి 'పొదుపు ఖాతా' సబ్‌క్లాస్‌ తీశారు. ప్రోగ్రాంలో ఎక్కడో 101ని మామూలు ఖాతాగా తెరిచి ఉంటే, పొదుపు ఖాతా అడిగినా ఆ పాతదే వస్తుంది. డిక్షనరీ కూడా తల్లి క్లాసుదే కదా! ఆ క్షణాన ఎర్రర్‌ ఏదీ రాదు. వడ్డీ లెక్క మాత్రం తప్పుతుంది.

ఇంకో చిక్కూ ఉంది. అదే క్లాసును మళ్లీ అడిగితే పాత ఆబ్జెక్టే వచ్చినా 'ఇనిట్‌' మరోసారి నడుస్తుంది. అందులో నిల్వ సున్నా అని రాసి ఉంటే, 500 రూపాయలు వేసిన ఖాతా ఖాళీ!

మరేం చేయాలి?

* కీలో నంబరుతోపాటు క్లాసునూ చేర్చండి. లేదా ప్రతి సబ్‌క్లాస్‌కూ వేరే డిక్షనరీ ఇవ్వండి.

* తొలి విలువలను 'ఇనిట్‌'లో కాకుండా, 'న్యూ'లో కొత్త ఆబ్జెక్ట్‌ పుట్టినప్పుడే నింపండి.

2020లో పైథాన్‌ 3.9తో వచ్చిన 'జోన్‌ఇన్ఫో' క్లాసు చేసేది ఇదే. 'ఆసియా/కోల్‌కతా' అని రెండుసార్లు అడిగినా మామూలుగా ఒకే ఆబ్జెక్ట్‌ ఇస్తుంది. సబ్‌క్లాస్‌ తీస్తే దానికి సొంత క్యాష్‌ ఏర్పడుతుంది. క్యాష్‌తో పనిలేకుండా కొత్తది కావాలంటే 'నో క్యాష్‌' అనే దారీ ఉంది.

అయితే క్లాసును కీలో చేర్చాక 101కి రెండు ఆబ్జెక్టులు ఉండొచ్చు. ఒకదానిలో మారిన నిల్వ రెండోదానికి తెలియదు. టైమ్‌జోన్‌కి ఆ బెడద లేదు, దాని విలువలు మారవు కాబట్టి. అందుకే మారని వాటినే క్యాష్‌లో దాచండి. రోజూ మారే ఖాతాల జోలికి వెళ్లకపోవడమే మేలు.