పతిసేవకు సెలవు లేదా?

మంచాన పడిన భార్యకు ముసలి భర్త అన్నం కలిపి తినిపిస్తే ఊరంతా చెప్పుకుంటుంది. "ఎంత పుణ్యాత్ముడో!" అంటుంది. అదే పని భార్య చేస్తే ఎవరూ గమనించరు. ఆ పనికి 'పతిసేవ' అని మనం ఏనాడో పేరు పెట్టుకున్నాం. భర్త చేసే సేవకు అటువంటి పేరు మన వ్యవహారంలో వినపడదు.

ముసలితనంలో భాగస్వామిని చూసుకునేవారిలో స్త్రీలకే ఒత్తిడి ఎక్కువని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. "ఆడవాళ్ళ మనసు సున్నితం కదండీ" అని మన పెద్దలు వెంటనే తీర్పు చెప్పేస్తారు. నా పేచీ ఈ తీర్పుతోనే. సంరక్షకులపై జరిగిన అనేక అధ్యయనాలను 2006లో పింక్వార్ట్, సోరెన్సెన్ కలిపి పరిశీలించారు. స్త్రీ పురుషుల మధ్య తేడా ఉన్నా అది చిన్నదనీ, మోసే బరువునూ అందే ఆసరానూ లెక్కలోకి తీసుకుంటే మరింత తగ్గుతుందనీ తేల్చారు. మరి సున్నితత్వం మాట ఎక్కడ నిలుస్తుంది?

బరువు సంగతే చూద్దాం. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. ఇంట్లోవారి సంరక్షణలో అవి 134, 76 నిమిషాలు. జీవితమంతా ఇలా గడిపిన మనిషికే పక్షవాతం వచ్చిన భర్తను అప్పగిస్తాం. వంటా బట్టలూ అలాగే ఉంటాయి. వాటిపైన మందులూ మలమూత్రాలూ చేరతాయి. అదే భార్య జబ్బుపడితే కూతురో కోడలో వచ్చి వాలుతుంది, లేదా వంటమనిషి వస్తుంది. రాకూడదని అనను. ఆయనకు దొరికిన సాయం ఆమెకెందుకు దొరకదని అడుగుతున్నాను.

మగవారికి బాధ లేదా? ఉంది. గంజి వార్చడం కూడా నేర్పకుండా పెంచిన మనిషి డెబ్బై అయిదో ఏట పొయ్యి ముందు నిలబడితే కలిగే దిగులు తక్కువది కాదు. దాన్ని పైకి చెప్పుకోకూడదని నేర్పిందీ మనమే.

ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం. అమెరికాలో షుల్జ్, బీచ్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, భాగస్వామి సేవలో ఒత్తిడికి లోనైన వృద్ధులకు నాలుగేళ్ళలో మరణించే ప్రమాదం సేవాభారం లేనివారికంటే 63 శాతం ఎక్కువని తేలింది. మన 2007 చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యతను పిల్లలపై పెట్టింది గాని, మంచం పక్కన మేలుకుని ఉన్న మనిషికి విశ్రాంతి ఎవరివ్వాలో చెప్పలేదు.

చట్టం చెప్పేదాకా ఆగాలా? అమ్మను మహాపతివ్రత అని పొగిడే కొడుకులారా, ఈ ఆదివారం నాన్న మంచం దగ్గర మీరు కూర్చోండి. ఆమెను కాసేపు నిద్రపోనివ్వండి.