దారిలో విషం పెట్టే హక్కు ఎవరిది?

ఫజర్ అజాన్ వినిపించగానే మసీదుకు బయలుదేరే మన పెద్దల చేతిలో తస్బీతో పాటు ఒక కర్ర కూడా ఉంటోంది. వించిపేట సందుల్లోనైనా, భవానీపురంలోనైనా, సింగ్‌నగర్‌లోనైనా ఇదే పరిస్థితి. చీకట్లో అయిదారు కుక్కలు ఒక్కసారిగా మీదికొస్తే అరవై ఏళ్ల మనిషి ఏం చేయగలడు? ఖుర్ఆన్ చదువుకోవడానికి వెళ్లే పిల్లలను తల్లులు వీధి మలుపు దాకా దిగబెట్టి వస్తున్నారు. ఇది ఉత్తుత్తి భయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి కుక్కలు కరిచి చంపాయి. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే ఉన్న గుంటూరులో మరో పసివాడు అలాగే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి జీవకారుణ్యం మీద ఉపన్యాసాలివ్వడం ఎవరికీ తగదు.

అయితే ఆ భయంలోంచి పుట్టే ఒక మాట గురించి మనం నిదానంగా ఆలోచించాలి. "ఎందుకీ గొడవంతా? మాంసం ముక్కల్లో ఇంత మందు కలిపి రాత్రిపూట వీధిలో పడేస్తే తెల్లారేసరికి పీడ విరగడైపోతుంది" అని టీ కొట్ల దగ్గర తరచుగా వింటుంటాం. అలా అనేవాళ్లు దుర్మార్గులేమీ కారు, విసిగిపోయినవాళ్లు. మనమూ తల ఊపి ఊరుకుంటాం. అలా తల ఊపడంలోనే తప్పంతా ఉంది.

ఎందుకంటే అది మాటగానే మిగిలిపోవడం లేదు. 2021 జులైలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో దాదాపు మూడు వందల కుక్కలను విషమిచ్చి చంపి గోతిలో పూడ్చిపెట్టారు. పంచాయతీయే ఈ పని చేయించిందని ఫిర్యాదు అందడంతో పోలీసులు కేసు పెట్టారు. 2026 జనవరిలో తెలంగాణలోని హనుమకొండ, కామారెడ్డి జిల్లాల పల్లెల్లోనూ వందల కుక్కలను ఇలాగే చంపారన్న ఫిర్యాదులు పోలీసుల దాకా వెళ్లాయి. ఊరి బాగు చూడవలసిన పంచాయతీల మీదే వేలెత్తి చూపే స్థితి వచ్చిందంటే ఊరు ఎంత విసిగిపోయిందో తెలుస్తోంది. ఎంత దారి తప్పిందో కూడా తెలుస్తోంది.

చట్టం ఏమంటోంది? జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం వీధికుక్కలను క్రూరమైన పద్ధతిలో చంపడం నేరమని చెప్పింది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లు చేయించి, రేబిస్ టీకాలు వేయించే బాధ్యతను కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, పంచాయతీల మీద పెట్టాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ దారినే పట్టింది. రేబిస్ సోకినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం తిరిగి వీధిలో వదలవద్దంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కలను తొలగించి ఆశ్రయాలకు తరలించమంది. ప్రజల భయాన్ని న్యాయస్థానం పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ ఉత్తర్వుల్లో విషానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

విషంతో వచ్చే అసలు చిక్కు ఒకటుంది. దానికి మనం రాసిచ్చిన చిరునామా తెలియదు. కుక్క కోసం పడేసిన ముక్కను కాకి ఎత్తుకుపోయి ఎవరి డాబా మీదో వదులుతుంది. ఆ ముక్కను పిల్లి తింటుంది. మేతకు వదిలిన కోడి పొడుస్తుంది. చెత్త ఏరుకునే పిల్లవాడి చేయి దానికి తగులుతుంది. మందు తిన్న కుక్క ఏ కాలువ గట్టునో పడి చస్తే, దాన్ని తిన్న జీవి కూడా చస్తుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడిబొడ్డు నుంచే డెల్టాకు నీళ్లు మోస్తాయి. ఇక్కడ మనం పారేసింది మరొకరి ఊరి రేవుకు చేరుతుంది. 2022 మార్చిలో అస్సాంలోని కామరూప్ జిల్లాలో మందు కలిపిన మేక కళేబరాన్ని తిని దాదాపు వంద రాబందులు ఒక్కచోటే చచ్చిపడ్డాయి. ఊరకుక్కల కోసం పెట్టిన విషమే వాటి ప్రాణం తీసిందని అనుమానించారు. 

డెల్టా పొలాల సంగతి కూడా చూద్దాం. కోడిని ఎత్తుకుపోయే నక్కకు, చేపల చెరువుకు వచ్చే నీటికుక్కకు, బావురు పిల్లికి కూడా ఇదే మందు అనుకునేవాళ్లున్నారు. దివిసీమ దిగువన కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవుల అభయారణ్యంలో ఈ బావురు పిల్లులు బతుకుతున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుకు విషం పెట్టడం కూడా వేటాడటం కిందికే వస్తుంది. నక్క, గుడ్లగూబ, పాము పోతే ఎలుకలు పెరుగుతాయని వరి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుడ్లగూబ వచ్చి వాలడానికి చేలో కర్రలు పాతేది ఆ రైతే కదా!

ఈ పాఠాన్ని పెద్ద దేశాలు కూడా దెబ్బతిన్నాకే నేర్చుకున్నాయి. ప్రభుత్వ భూముల్లో మాంసాహార జంతువులను చంపడానికి విషం వాడరాదని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1972 ఫిబ్రవరి 8న ఉత్తర్వు ఇచ్చారు. 1982లో దాన్ని రద్దు చేశారు. 2017లో ఇడహో రాష్ట్రంలో, ఇంటి వెనక గుట్ట మీద తన కుక్కతో తిరుగుతున్న పద్నాలుగేళ్ల కుర్రవాడు, తోడేలు లాంటి జంతువుల కోసం భూమిలో అమర్చిన సయనైడ్ పరికరాన్ని పొరపాటున తాకాడు. కుర్రవాడు బతికి బయటపడ్డాడు, కుక్క అతని కళ్ల ముందే చచ్చిపోయింది. ప్రభుత్వ భూములు చూసే అక్కడి శాఖ ఆ పరికరాలను తన భూముల్లో వాడకుండా ఆపడానికి 2023 దాకా పట్టింది.

మన ధర్మం ఈ విషయంలో చెప్పింది చాలా స్పష్టంగా ఉంది. కరిచే కుక్క నుంచి ప్రాణం కాపాడుకోవడానికి అనుమతి ఉంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ జిబహ్ చేసేటప్పుడు కూడా కత్తిని పదునుగా ఉంచుకొని జీవిని బాధ పెట్టకుండా పని ముగించమని బోధించిన దైవప్రవక్త (సఅసం) అనుచరులం మనం. దప్పికతో బురద నాకుతున్న కుక్కకు మేజోడుతో నీళ్లు తోడి పోసిన మనిషిని అల్లాహ్ మన్నించాడన్న హదీసును మన పిల్లలకు చెబుతూనే ఉంటాం. బాటలో హాని కలిగించే వస్తువును తీసి పక్కన పడేయడం కూడా విశ్వాసంలో ఒక భాగమేనని ఆయన నేర్పారు. ముల్లును తీయడమే పుణ్యమైతే, అదే బాటలో విషం పెట్టడాన్ని ఏమనాలి? వీధి మన సొంతం కాదు, అందరిదీ. నడిచే మనిషికీ, తిరిగే మూగజీవికీ అందులో హక్కుంది.

పోనీ విషంతో పని జరుగుతుందా అంటే అదీ లేదు. ఒక వీధి ఖాళీ అయితే తిండి ఉన్న చోటికి పక్క వీధి కుక్కలు వస్తాయి, ఏడాది తిరిగేసరికి పిల్లలు పెడతాయి. వాటికి టీకాలు ఉండవు. కుక్కల్లో నూటికి డెబ్బయింటికి టీకాలు వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోవాలో ఇదే పని ఏళ్ల తరబడి పట్టుదలగా చేశారు. మూడేళ్లపాటు ఒక్క మనిషి కూడా రేబిస్‌తో చనిపోకపోవడంతో 2021లో అది రేబిస్ అదుపులో ఉన్న రాష్ట్రంగా ప్రకటించుకుంది. గోవాలో సాధ్యమైంది బెజవాడలో ఎందుకు సాధ్యం కాదు?

ఇక మన వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. కుక్కలు గాలి తిని బతకడం లేదు. మాంసం దుకాణాల వెనక పారబోసే పేగులు, కోళ్ల దుకాణాల వ్యర్థాలు, దావత్ అయ్యాక షాదీఖానా గోడ పక్కన పోసే ఎముకలు, బక్రీద్ నాడు సందు చివర వదిలేసే మూటలు వాటిని పోషిస్తున్నాయి. ఖుర్బానీ ఆరాధన అయినప్పుడు దాని వ్యర్థాన్ని లోతుగా పూడ్చడం ఆ ఆరాధనలో భాగం కాదా? రాత్రి మనమే విందు పెట్టి, తెల్లవారాక అతిథి ఎక్కువయ్యాడని విషం పెట్టమనడం ఏ న్యాయం?

అందువల్ల మనం అడగవలసింది గట్టిగా అడగాలి. రోడ్లు, కాలువ గట్లు, బడుల మైదానాలు, ఖబరస్తాన్లు, ఏ బహిరంగ స్థలంలోనూ విషం పెట్టరాదని కార్పొరేషన్, ప్రతి పంచాయతీ తీర్మానం చేయాలి. మీరిన వాడు ఉద్యోగి అయినా సరే కేసు పెట్టాలి. ఆపరేషన్లు, టీకాలు లెక్క చూపి చేయాలి. కరిచే కుక్కను ఫిర్యాదు అందిన రోజే పట్టుకుపోవాలి. సందుల్లో దీపాలు వెలగాలి. ఇవేవీ చేయని అధికారికి విషం ఒక్కటే సులువైన దారిగా కనిపిస్తుంది. ఆ దారి మూసేస్తేనే అసలు పని మొదలవుతుంది.

మసీదు కమిటీలు ఒక్క జుమా నాడైనా ఈ సంగతి చెప్పాలి. కుక్క కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలపాటు సబ్బుతో, ధార నీళ్లతో కడగాలని, పసుపూ కారం అద్దకూడదని, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకాలన్నీ పూర్తిగా వేయించుకోవాలని ప్రతి తల్లికీ తెలియాలి.

ఫజర్‌కు వెళ్లే పెద్దాయన చేతిలో కర్ర అవసరం లేని రోజు రావాలి. ఆ రోజు కోసం అందరి బాటలో విషం చల్లనక్కర్లేదు. ఈసారి టీ కొట్టు దగ్గర ఆ మాట వినిపిస్తే తల ఊపకుండా, "వద్దు భాయ్" అని ఒక్క మాట అందాం.