రాని అద్దెకు రాబడి అని పేరు



హనుమకొండలో మా ఇంటి ముంగిట ఒక మడిగె ఉన్నది. ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ముతో కట్టించినది. అందులో జిరాక్సు యంత్రం పెట్టుకొన్న కుర్రవాడు ఖాళీ చేసి వెళ్ళిన పిమ్మట ఒక పూర్తి ఆర్థిక సంవత్సరం దానికి తాళమే దిక్కయినది. 'అద్దెకు ఇవ్వబడును' అన్న పలక వెలసిపోయినది గాని అడిగిన నాథుడు లేడు.

లెక్కలు చూసే ఆడిటరు గారు మాత్రం, "సార్, నెలకు ఆరు వేల చొప్పున 72,000 వచ్చినట్లే చూపాలి" అన్నారు. నగరపాలక సంస్థకు కట్టిన 2,000 పోను 70,000. అందులో నూటికి ముప్పై వంతున మినహాయింపు 21,000. మిగిలిన 49,000 నా ఆదాయమట!

'ఆ' ఉపసర్గతో కూడిన 'దా' ధాతువుకు పుచ్చుకొనుట అని అర్థం. పుచ్చుకొనని దానిని ఆదాయమనుట ఏ వ్యాకరణం?

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 23వ సెక్షనులో ఖాళీకి ఒక మినహాయింపు ఉన్నది. అయితే అది 'అద్దెకు ఇచ్చిన' ఆస్తికే. ఏడాదిలో అసలు అద్దెకు ఇవ్వని ఆస్తికి అది వర్తించదని 2011లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినది. అద్దెకు ఇవ్వదలచి ఉంచినా చాలునని ముంబయి అప్పిలేటు ట్రిబ్యునల్ అంతకు ముందే అన్నది. న్యాయస్థానం ఉన్న మాటకే అర్థం చెప్పినది. దోషం మాట వ్రాసినవారిది. ఒక్క నెల అద్దెకు పోయి పదకొండు నెలలు ఖాళీగా ఉంటే వచ్చిన అద్దె మీదనే పన్ను. పన్నెండు నెలలూ ఖాళీగా ఉంటే పన్నెండు నెలల ఊహకు పన్ను. నష్టం పెరిగిన కొద్దీ దయ తరుగుటయా?

అద్దె దాచిపెట్టి ఖాళీ అని బొంకేవారున్నారని ప్రభుత్వం అనవచ్చు. ఉన్నారు, కాదనను. కాని కరెంటు మీటరు బొంకదు కదా! దానిని అడగవచ్చును.

సొంత నివాసం కింద రెండు ఇండ్ల వరకు ఊహాదాయం లేకుండా చేశారు. 2025లో ఆ షరతులను ఇంకా సడలించారు. సంతోషమే. కాని ఆ ఉపకారం నివాసగృహాలకే, మడిగెలకు కాదు. ఇక భవన నిర్మాతలు అమ్ముడుపోని సరుకుగా ఉంచుకొన్న కట్టడాలకు, అవి పూర్తయినట్లు పత్రం అందిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుండి రెండేళ్ళ వరకు ఊహాదాయం లేదు. పెద్దవారి ఖాళీ సరుకయినది, పింఛనుదారు ఖాళీ మాత్రం సంపాదన అయినది!

కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల లోపు వారికి పన్నే పడదు గదా, ఎందుకీ రభస అని మీలో ఎవరైనా అడగవచ్చు. నా బాధ రూపాయలది కాదు. ఆ పత్రం చివర 'పైవన్నీ సత్యములు' అని సంతకం చేయాలి. బడిలో బొంకిన పిల్లలను నిలబెట్టి మందలించిన నోటితో, రాని 49,000 వచ్చినవని నేనెట్లా ఒప్పుకొందును?

నేను కోరేది ఒక్క మాట. 'ఇచ్చిన' పక్కన 'ఇవ్వదలచిన' అని చేర్చండి. ధాతుజ విశేషణం ఒక్కటి మారితే చాలు, ధర్మం నిలబడుతుంది.

మీలో న్యాయశాస్త్రం తెలిసినవారు నా వాదంలో పొరపాటుంటే నిర్మొహమాటంగా దిద్దగలరు. దిద్దించుకొనుట కూడ పంతులుకు అలవాటే.