కాలితే తప్పు చేసినట్టేనా?

మాఘమాసంలో చెర్వుగట్టు జడల రామలింగేశ్వరస్వామి ఉత్సవాలకు వెళ్లిన వాళ్లలో సగం మంది అగ్నిగుండాల కోసమే మేలుకుని ఉంటారు. నిప్పుల మీద నడిచినవాడి కాళ్లు కాలకపోతే అది స్వామి మహిమ. మొహర్రం వస్తే నల్లగొండలో, పాలమూరులో ఊరూరా పీర్ల గుండం తవ్వుతారు. పీరును ఎత్తుకున్నవాడు ఏ మతం వాడని ఎవరూ అడగరు. ఈ కలివిడితనం ముచ్చటైనదే. చిక్కంతా కాళ్లు కాలినప్పుడు వస్తుంది. "నిష్ఠ తప్పిండు" అనేస్తారు. నిప్పుకు కాల్చే గుణం ఉందన్న సంగతి పక్కకు పోయి, అది న్యాయాధిపతి అయి కూర్చుంటుంది.

నిజానికి ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. బొగ్గు, దాని మీది బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి. గబగబా నడిచేవాడి పాదం ఒకచోట అర సెకను కూడా నిలవదు. ఆగినా, తూలిపడినా ఎంత భక్తుడికైనా చర్మం ఊడుతుంది. నాస్తికవాది గోరా స్థాపించిన, విజయవాడలోని నాస్తిక కేంద్రం వాళ్లు ఏ దేవుణ్నీ తలవకుండానే నిప్పుల మీద నడిచి చూపించారు. మహిమ సంగతి అక్కడికి తేలింది. కాలినవాడిదే తప్పన్న ఆలోచన మాత్రం ఊరు వదల్లేదు. గుండం దరిదాపులకు పోని పసిపిల్లల మీద కూడా అదే తీర్పు పడుతోంది.

పొయ్యి మీది బగోనె ఒరిగి మరిగే గంజి మీద పడ్డ పిల్లను చూసి "ఏ జన్మల ఏం పాపం జేసిందో" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మాదిరిగానో తీవ్రంగానో కాలుతున్నారు. ఇంతమంది పాపాలూ వంటింట్లోనే పండుతున్నాయా?

కాలిన చోట 20 నిమిషాలు చల్లటి ధార పోయాలి. "నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతయి" అని సిరా, పేస్టు పూస్తారు. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక పత్యం మొదలవుతుంది. పప్పు పెడితే చీము పడుతుందట, గుడ్డు, మాంసం అసలే వద్దట. కొత్త చర్మం కట్టడానికి శరీరం మామూలు కంటే ఎక్కువ మాంసకృత్తులు అడిగే రోజులవి. సరిగ్గా అప్పుడే బిడ్డకు చారన్నం. చీము పట్టించేది సూక్ష్మజీవి. పప్పుకు దాంతో చుట్టరికం లేదు. ముట్టైన ఆడవాళ్ల నీడ పడితే పుండు మానదని బిడ్డను గడప దాటనివ్వని ఇళ్లూ ఉన్నాయి. ఇవన్నీ దాటుకుని పుండు మానేసరికి బడి దూరమవుతుంది.

తీరా బడికి వెళితే అక్కడ ఇంకో తంటా. మానుతున్న మచ్చ విపరీతంగా దురద పెడుతుంది. పక్క బెంచీ పిల్లవాడు అది గజ్జి అనుకుని జరుగుతాడు. వాళ్లమ్మ "దాని పక్కన గూసోకు" అని ఇంట్లో చెప్పి పంపుతుంది. కాలిన మచ్చ అంటుకోదని టీచరు అయిదు నిమిషాలు చెబితే సరిపోయే సంగతి. ఆ పిల్ల రాకముందే చెప్పాలి, వచ్చాక ఆమెను ముందు నిలబెట్టి కాదు. లోతుగా కాలిన చోట చెమట గ్రంథులు ఉండవు కాబట్టి ఒళ్లు చల్లబడదు. పాలమూరు ఎండలో ప్రార్థనకు అందరితో పాటు నిలబెట్టడం క్రమశిక్షణ కాదు, తెలియనితనం. మచ్చ ఉబ్బకుండా వేసే బిగుతు తొడుగు నెలల తరబడి, రోజుకు దాదాపు 23 గంటలు ఒంటి మీద ఉండాలి. "యూనిఫాం కాదు, తీసెయ్" అని పీఈటీ సారు అనకూడదు.

ఆడపిల్లయితే మరో మాట: "మొహం గట్లయినంక సదువెందుకు?" పెళ్లి కాదేమోనన్న భయంతో చదువు మాన్పించడం ఏ లెక్క ప్రకారం తెలివో చెప్పేవాళ్లు లేరు.

నుదుటి రాత అన్న మాటను నల్లగొండ ఇంతకుముందూ విన్నది. మర్రిగూడ వైపు పిల్లల ఎముకలు వంగిపోతే తరాల పాటు ఖర్మ అనుకున్నారు. కారణం నీళ్లలో దొరికింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లుంది. కృష్ణా నీళ్లు వచ్చాక ఆ రాత తర్వాతి పిల్లల్లో తగ్గుతూ వచ్చింది.

కాలిన పిల్లల విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఎముక పెరుగుతుంది, మచ్చ సాగదు. మోచేయో మెడో పట్టేస్తే మళ్లీ ఆపరేషన్, మళ్లీ బడి నాగా. రెండోసారి ఉస్మానియా దవాఖానకు తీసుకుపోతుంటే "ఇంకా పాపం తీరలే" అనే ఇరుగుపొరుగుకు డాక్టరు ముందే రాసిచ్చిన తేదీల కాగితం చూపించవచ్చు. చదువు మధ్యలో ఆగిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను చెబుతోంది. "వచ్చే ఏడు తోలుకరా" అనే వీలు హెడ్మాస్టరుకు లేదు.