లెక్క సరిపోయిన రూపాయి చదువు చెప్పినదా?

భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ శ్రీ కె. సంజయ్ మూర్తి గారికి బహిరంగ లేఖ

మహాశయా,

భారత రాజ్యాంగమున మీ పదవికంటె ముఖ్యమైనది బహుశః వేఱొకటి లేదని 1949లో రాజ్యాంగ సభయందు డాక్టరు అంబేద్కరు అభిప్రాయపడిరి. అట్టి పదవిని 2024 నవంబరులో స్వీకరించుటకు ముందు మీరు కేంద్ర ఉన్నత విద్యాశాఖకు కార్యదర్శిగా నుండుట చేతను, మీ కుటుంబమునకు కోనసీమతో గల సంబంధము తెలుగువారికి తెలిసినదగుట చేతను, మా ప్రభుత్వ పాఠశాలలపై వెచ్చింపబడు ధనమునకు దక్కుచున్న ఫలమెంత యను ప్రశ్నను మీ సమక్షమున తెలుగులోనే నిలుపుట ఉచితమని భావించితిని.

మీ ఆడిటర్లు చేయుచున్న పని చిన్నది కాదు. టెండరు పిలిచిరా, వోచరున్నదా, కొన్న బల్ల స్టాకు రిజిస్టరు కెక్కెనా, వినియోగ ధ్రువపత్రము సకాలమున చేరెనా యని అడుగువారు లేకున్న విద్యాశాఖ బడ్జెటు ఏ దారిని పోవునో ఊహింపవచ్చును. విద్యాహక్కు చట్టపు అమలును గుఱించి 2017లో వెలువడిన మీ 23వ నివేదిక, నిధులు ఏటేటా వేల కోట్ల మేర రాష్ట్రముల కడ ఖర్చుగాక నిలిచిపోవుటను బయటపెట్టినది. ఐనను ఖర్చుకాని రూపాయిని పట్టుకొనుట సులభము. ఖర్చై, లెక్కకు సరిపోయి, పిల్లవాని చదువునకు మాత్రము ఏమియు చేయలేకపోయిన రూపాయిని పట్టుకొనుట కష్టము. నా విన్నపమంతయు ఈ రెండవదానిని గుఱించియే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుండి కొన్ని సంవత్సరములు కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ మొదలగు ఆర్థికవేత్తలు, లాటరీ వేసి ఎన్నుకొన్న 100 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విద్యార్థి యొక్కింటికి సుమారు 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇప్పించి, గ్రాంటు లేని బడులతో పోల్చి చూచిరి. మొదటి సంవత్సరము పిల్లల మార్కులు పెరిగినవి; రెండవ సంవత్సరమున ఆ లాభము కనబడలేదు. జరిగినదేమనగా, చదువు సామగ్రిని బడిలో ఇత్తురని ముందే తెలిసికొన్న తల్లిదండ్రులు చదువునకై తాము పెట్టెడి ఖర్చును చాలవఱకు తగ్గించుకొనిరి. ఇట్టి గ్రాంటును మీ ఆడిటరు తనిఖీ చేసినచో ఏమి వ్రాయును? వోచర్లను చూచినచో నిర్దోషమనును, మార్కులను చూచినచో వృథా యనును. నా మనస్సు ఈ రెంటికిని సమ్మతింపదు. కూలి చేసికొను తండ్రికి నోటు పుస్తకముల ఖర్చు తప్పిన మాట నిజము, అది ఆ కుటుంబమునకు మేలే. కాని దానిని విద్యాభివృద్ధి క్రింద జమకట్టుట సత్యము కాదు. ఏ పైకము వలన ఏ మేలు కలిగెనో ఆ మేలును దాని పేరనే వ్రాయగల ఆడిట్ మాకు కావలెను. తల్లుల ఖాతాలలో వేయు నగదునకును, అనగా ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో ఏటికి 15,000 రూపాయలతో ఆరంభమైన అమ్మఒడికిని, దరిమిలా వచ్చిన తల్లికి వందనమునకును, ఇదే న్యాయము వర్తించును.

ఇట్లు విలువ కట్టుటలో ఒక భయమును కలదు. విలువ కట్టుట యనగా చౌకను వెదకుట యని పొరబడువారు అధికారస్థానములందు తక్కువ కారు. ఆ పరిశోధకులే, ఆ రాష్ట్రమునందే, లాటరీలో పేరు వచ్చిన పిల్లలకు ఫీజు కట్టి ప్రైవేటు బడులకు పంపి చూడగా, అచ్చట తలసరి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతునకు లోపుగనే యున్నది. నాలుగేండ్ల తరువాత తెలుగునను గణితమునను వారు సర్కారు బడి పిల్లలతో సమానముగ నుండిరి, హిందీలో మాత్రము ముందుండిరి. ఈ అంకెను చేతబట్టి సర్కారు బడులను మూయుమని వాదించుట తేలిక. ఆ చౌకలో అధిక భాగము శిక్షణ తక్కువైన ఉపాధ్యాయుల స్వల్ప జీతముల నుండి వచ్చినదని చెప్పకున్న ఆ వాదము అర్ధసత్యము. పాడేరు కొండలలోనో ఉట్నూరు గూడెములలోనో పదిమంది పిల్లలున్న ఏకోపాధ్యాయ పాఠశాలలో తలసరి ఖర్చు పట్టణపు బడికంటె ఎక్కువగనే యుండును, ఉండవలెను. ఒక కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల యుండవలెనని విద్యాహక్కు నియమములు కోరినది అట్టి బిడ్డల కొఱకే. ఆ బడిని ఖరీదైన బడుల పట్టికలో చేర్చుటకు ముందు, అది లేకున్న ఆ బిడ్డ వాగు దాటి ఎంత దూరము నడువవలసివచ్చునో మీ ఆడిటరు స్వయముగ నడచి చూడవలెనని నా కోరిక.

కాలమును గూడ లెక్కలోనికి తీసికొనవలెను. 31 మొదలు 100 వఱకు పిల్లలున్న బడికి సమగ్రశిక్ష నియమముల ప్రకారము ఏటికి 25,000 రూపాయల గ్రాంటు కలదు. జూన్ 12న బడి తెఱచు నాటికి అది చేతనున్న ప్రధానోపాధ్యాయుడు ఆ సంవత్సరపు అవసరములను ఆలోచించి కొనును. ఫిబ్రవరిలో చేతికందినవాడు మార్చి 31 లోపల వినియోగ ధ్రువపత్రము పంపవలెను గనుక అంగడిలో దొరకినదేదో కొనును. లెక్కల పుస్తకమున రెండును 25,000 రూపాయలే. జూన్‌లో అందిన పాఠ్యపుస్తకమునకును సెప్టెంబరులో అందినదానికిని అచ్చువెల యొక్కటే యైనను, రెండవదానివలన ఆ పిల్లవాడు మూడు నెలల పాఠము పోగొట్టుకొనును.

కావున రాబోవు పనితీరు ఆడిట్‌కు మా రెండు తెలుగు రాష్ట్రములలోను ఒక్కొక్క ఏజెన్సీ మండలమును, మెట్ట మండలమును, నగరపు వార్డును ఎన్నుకొనుడు. ప్రథమ్ సంస్థ 2005 నుండి అసర్ సర్వేలో గ్రామముల యందు చేయించుచున్నట్లే, మూడవ తరగతి బిడ్డచేత రెండవ తరగతి పాఠము చదివింపుడు. ఆ పనికి అనుభవజ్ఞులగు ఉపాధ్యాయులను వెంటబెట్టుకొనుడు, ఏలయన ఎదుట అధికారి కూర్చున్నచో చదువగల బిడ్డయు మూగయగును. ఉపాధి హామీ పనులపై 2006 నుండి గ్రామసభలలో సామాజిక తనిఖీ జరిపించిన అనుభవము ఈ నేలకున్నది; బడి గ్రాంటునకు ఆ పద్ధతి కొత్త కానక్కఱలేదు. 151వ అధికరణము ననుసరించి నివేదిక శాసనసభ ముందునకు వచ్చిన పిమ్మట, ఆయా మండలముల భాగమును సులభమైన తెలుగున అచ్చొత్తించి పాఠశాల యాజమాన్య కమిటీలకు పంపుడు. తనిఖీ చేసిన సంవత్సరమునకును నివేదిక వెలువడు సంవత్సరమునకును నడుమ గల ఎడమును తగ్గింపుడు. మూడవ తరగతిలో మీరు పరీక్షించిన బిడ్డ హైస్కూలునకు పోకముందే ఆ ఫలితము తల్లికి తెలియవలెను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు పౌరుడు