కంప్యూటర్ భద్రత: స్నాతకోత్తర విద్యకు పునాది ఏది?

మన కళాశాలలో కంప్యూటర్, సమాచార భద్రతలో స్నాతకోత్తర కోర్సు ప్రారంభించాలన్న మాట కొంతకాలంగా వినిపిస్తున్నది. హర్షింపదగినదే. కాని చర్చ అంతా లేబొరేటరీ చుట్టూ, కొనవలసిన యంత్రాల చుట్టూ తిరుగుతున్నది. గణిత శాఖ ఊసు ఎవరూ ఎత్తుట లేదు. పొరపాటంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అల్ కిందీ రహస్య లిపిని ఛేదించే మార్గాన్ని గ్రంథస్థం చేసినాడు. భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వచ్చునో ముందు లెక్కించవలె. రహస్య లేఖలో అంతే తరచుగా కనిపించే గుర్తు ఆ అక్షరమే కావచ్చును. ఆయనకు కాగితం, కలం, లెక్క చాలినవి. ఉర్దూ విద్యార్థి ఒక పుటలో అలిఫ్‌లు లెక్కించి ఈ పాఠాన్ని మొదటి రోజుననే నేర్వగలడు. తెలుగు విద్యార్థికి చిక్కు అధికం. కంటికి ఒక్కటిగా కనిపించే 'క్ష' కంప్యూటరులో మూడు సంకేతాలు, దేనిని అక్షరమనవలె? ఇటువంటి ప్రశ్న తరగతిలో లేచినప్పుడే విద్య పట్టుబడుతుంది.

1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ రూపొందించిన ఆర్.ఎస్.ఏ. పద్ధతికి బలం ఒక్కటే: రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని తిరిగి విడదీయడం దుష్కరం. (సంఖ్యా సిద్ధాంతం ఎందుకూ కొరగాదని బి.ఎస్సీ.లో విసుగుకొన్న మిత్రులు గమనింతురు గాక!) శక్తిమంతమైన క్వాంటం కంప్యూటర్ వస్తే ఆ బలం నిలువదని 1994లో పీటర్ షోర్ చూపినాడు. అందుచేతనే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ మూడు కొత్త ప్రమాణాలు ప్రకటించినది. వానిలో రెండింటికి లాటిస్ గణితం ఆధారం. ఆర్.ఎస్.ఏ. సాఫ్ట్‌వేరును నడపడం మాత్రమే నేర్చినవాడు మరల ఓనమాలు దిద్దుకోవలె. సదిశాంతరాళాలు శ్రద్ధగా చదివినవాడు కొత్త పుస్తకం తెరచి ముందుకు సాగగలడు.

మన విద్యార్థులలో పెక్కుమంది తలిదండ్రులు అప్పు చేసి ఫీజు కట్టేవారు. నాలుగేళ్లలో పాతబడే పరికరాల వాడకాన్ని నేర్పి, పట్టా చేతికిచ్చి పంపుట వారికి న్యాయం కాదు. యంత్రం లేకుండా నెట్‌వర్కు పాఠం సాగదన్న మాట నిజమే. అందుకు ఉన్న కంప్యూటర్లు ప్రస్తుతానికి చాలును. మొదటి సంవత్సరపు నిధులతో ఇద్దరు గణితాధ్యాపకులను నియమించవలెనని, ప్రవేశ నియమాలు వ్రాసేటప్పుడు ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన బి.ఎస్సీ. గణిత పట్టభద్రులకు తలుపు మూయరాదని కమిటీ వారిని సవినయంగా కోరుచున్నాను.